కాలవలు కట్టేసిన నెలన్నర: గడ్డిమేటు, పెరటి మడి

దాళ్వా, అంటే రెండో పంట వరి చేలు కోతకొచ్చే వేళకి, అంటే ఏప్రిల్ మధ్యలో, ధవళేశ్వరం నుంచి కాలవలకి నీళ్ళు కట్టేస్తారు. మళ్ళీ వదిలేది జూన్‌లోనే. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ గోదావరి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో బతుకు కాలవ నీళ్ళ లెక్క మీదే నడుస్తోంది. నీళ్ళున్నప్పుడు వరి. నీళ్ళు లేని ఈ నెలన్నరలో చేసే పని గురించి మాట్లాడుకునేది తక్కువ. కానీ పాడి ఉన్న ఇంటికి ఏడాది మేత పోగయ్యేది, పెరట్లో కందకీ కూరలకీ మడి తయారయ్యేది ఈ రోజుల్లోనే. భరణి, కృత్తిక కార్తెల్లో గడ్డి ఆరబెట్టి మేటు, అంటే గడ్డివామి వేసుకోవాలి. రోహిణి వెళ్ళేలోగా పైకప్పు పూర్తి కావాలి. మృగశిర దాటాక మిగిలేది తడిగడ్డితో కుస్తీయే.

గడ్డి పాడైతే వాన మీద తోసేస్తాం, పైన కప్పే బరకానికి వేలు ఖర్చు పెడతాం. నిజానికి మేటు పైనుంచి పోయేది తక్కువ. నేల నుంచి ఎక్కే చెమ్మ, మేటు వేసేటప్పుడే గడ్డిలో మిగిలిపోయిన పచ్చి, ఎక్కువగా తినేసేవి ఈ రెండే. ఈ రెంటినీ ఎండలున్నప్పుడే, పని మన చేతిలో ఉన్నప్పుడే సరిచేసుకోవాలి.

ముందు ఎంత గడ్డి కావాలో లెక్క వేసుకోవాలి. 450 కిలోల బరువున్న పాడిగేదెకి పచ్చిమేత 15 నుంచి 20 కిలోలు, దాణా, ఈ రెండూ కాకుండా రోజుకి 6 కిలోల వరకు ఎండుగడ్డి పడుతుంది. ఏడాదికి 2,200 కిలోలు. రెండు గేదెలుంటే 4,400. కాళ్ళ కింద తొక్కేది, అడుగున నల్లబడేది, పారేసేది కలుపుకుని 5 టన్నులకి తక్కువ కాకుండా చూసుకోవాలి. దాళ్వాలో ఎకరానికి 40 బస్తాలు, అంటే 75 కిలోల బస్తా చొప్పున 3 టన్నుల ధాన్యం పండితే, మొదలుకంటా కోసినప్పుడు గడ్డి కూడా దాదాపు అంతే వస్తుంది. కోత మిషన్ పెడితే అడుగు, అడుగున్నర మోడు చేలోనే నిలబడిపోతుంది, ముక్కలైంది చెదిరిపోతుంది. చేతికొచ్చేది సగం అనుకోవాలి. కాబట్టి రెండెకరాలు చేత్తో కోయిస్తే రెండు గేదెలకి మిగులుతుంది. అదే రెండెకరాలు మిషన్‌కి ఇస్తే చాలదు, పక్క చేలో గడ్డి కూడా ముందే మాట్లాడుకోవాలి. మే నెల చివర్లో వెతుక్కుంటే దొరికేది వాన తిన్న గడ్డే.

కూలి ఖర్చు చూస్తే చేత్తో కోయించడం భారమే, కాదనను. అయినా ఇంట్లో పశువులున్నప్పుడు కనీసం ఒక ఎకరమైనా కొడవలితో కోయించుకోవడం మంచిది. పనల మీద మూడు నాలుగు రోజులు ఆరి, కట్ట కట్టి, ట్రాక్టరుతో తొక్కించిన గడ్డి మెత్తబడుతుంది, మొదలూ కొసా తెలిసేలా ఉంటుంది, మేటు మీద పెంకులా పరుచుకుంటుంది. మిషన్ వెనకాల రాలిన గడ్డికి ఆ వరస ఉండదు. పైగా మిషన్ కోసేనాటికి కంకి పండినా కాడ ఇంకా పచ్చిగానే ఉంటుంది. మార్టేరు పరిశోధన స్థానం ఇచ్చిన ఎం.టి.యు. 1121 లాంటి రకాల్లో గింజ ముదిరాక కూడా ఆకు పచ్చదనం కనిపిస్తుంది. గింజ రంగు చూసి గడ్డి ఆరిందనుకోకూడదు.

మిషన్ పెట్టినా కొన్ని జాగ్రత్తలు డ్రైవరుకి ముందే చెప్పి చేయించుకోవచ్చు. కోతకి 10, 15 రోజుల ముందే చేలో నీరు తీసేయాలి. నేల మెత్తగా ఉంటే చైన్ మిషన్ బురదని గడ్డిలోకి తొక్కుతుంది. బురద పట్టిన గడ్డిని గేదె వాసన చూసి వదిలేస్తుంది. మంచు ఆరాక, పదింటి తర్వాతే కోత మొదలెట్టించాలి. కత్తెర వీలైనంత కిందకి దించమనాలి. గడ్డిని ముక్కలు చేసే అమరిక ఉంటే ఆపించాలి. ధాన్యం దింపడానికి మిషన్ గడ్డి వరసల మీదుగా రాకుండా గట్టు వైపు నుంచి దారి చూపించాలి. ఇంకొకటి. సుడిదోమకని మొదళ్ళు తడిసేలా మందు కొడితే ఆ మందు గడ్డి మీద మిగులుతుంది. మేతకి ఉంచుకునే చేలో కోతకి మూడు వారాల లోపు మందు ముట్టకూడదు.

ఆరబెట్టడం

మిషన్ వదిలిన వరస ఆ రోజు కదపాల్సిన పని లేదు. రెండోరోజు మంచు ఇగిరాక, తొమ్మిది పది గంటల మధ్య, దంతెతోనో పంగలకర్రతోనో ఒకసారి తిరగెయ్యాలి. పైన గలగలలాడుతున్నా నేలకి ఆనిన వైపు చెయ్యి పెడితే చల్లగా తగులుతుంది, ఆ చల్లదనమే తేమ. మూడోరోజు మళ్ళీ తిరగేసి, మబ్బు కనిపిస్తే సాయంత్రం నాలుగింటికల్లా చిన్న కుప్పలుగా దగ్గరికి లాగాలి. మంచు పడ్డాక పోగు చేస్తే పగలంతా పోయిన తేమ తిరిగి వచ్చేస్తుంది. మంచి ఎండలో మూడు నాలుగు రోజులు చాలు. వారం, పదిరోజులు అలా వదిలేయడం కూడా తప్పే. ఆకు పొడైపోయి కాడ మిగులుతుంది, రంగు తెల్లబోతుంది. మంచి గడ్డి పసుపుపచ్చగా ఉండి, కొద్దిగా ఆకుపచ్చ జీర కనిపించాలి. ముక్కు దగ్గర పెడితే కొత్త చాప వాసన రావాలి.

ఆరిందో లేదో చూడాల్సింది కణుపు దగ్గర. కాడ ఎప్పుడో ఆరిపోతుంది, కణుపులో పచ్చి ఆఖరున పోతుంది. గుప్పెడు గడ్డి వరస అడుగు నుంచి తీసి, ఒక కణుపుని గోటితో నొక్కండి. గోరు దిగి చెమ్మ తగిలితే ఇంకో రోజు ఆగాలి. గట్టిగా ఉండి పెళుసుగా విరిగితే సరే. ఇంకా నమ్మకం కలగకపోతే ఉప్పు పరీక్ష ఉంది. పొడి గాజుసీసాలో సగానికి గడ్డి ముక్కలు వేసి, పెనం మీద వేయించి చల్లార్చిన మెత్తటి ఉప్పు రెండు చెంచాలు కలిపి, మూతపెట్టి రెండు మూడు నిమిషాలు గట్టిగా ఊపాలి. ఉప్పు విడివిడిగా జారితే తేమ 15 శాతం లోపు ఉన్నట్టు, మేటు వేసుకోవచ్చు. ఉప్పు ఉండలు కట్టినా, సీసా గోడకి అంటుకున్నా వేయకూడదు. పైసా ఖర్చు లేని పని. పాతిక ట్రక్కుల గడ్డికి కూడా ఇదే పరీక్ష.

ఏప్రిల్, మే నెలల్లో ఉరుముల వాన తప్పదు. వరసలు తడిస్తే వెంటనే తిరగెయ్యకండి. తడి నేల మీద తిరగేస్తే రెండు వైపులా మురుగుతుంది. పైపొర ఎండేదాకా ఆగి, అప్పుడు తిరగేసి, వీలైతే గట్టు మీదకో మోడు ఎత్తుగా ఉన్నచోటికో జరపాలి. ఒక్క వాన తడిస్తే రంగు పోతుంది, మేతకి పనికొస్తుంది. రెండు మూడు వానలు తడిసి, విప్పితే నల్లటి, బూడిదరంగు పొడి లేచే గడ్డి మాత్రం పశువుకి పెట్టొద్దు. బూజు పట్టిన వరిగడ్డి తిన్న గేదెలకి తోక కొస, చెవుల చివర్లు ఎండి కుళ్ళిపోవడం, గిట్టల దగ్గర పుండ్లు పడడం చూస్తాం. డెగ్నాలా అని పిలిచే ఆ జబ్బు బూజులో పుట్టే విషం వల్లే వస్తుంది. అలాంటి గడ్డి కందమడికి పోవాలి, లేదా పెంటకుప్పకి. చేలోనే తగలబెడితే ఏ ఉపయోగమూ లేదు. టన్ను గడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 15 కిలోల దాకా పొటాష్ ఉంటుంది. అగ్గి పెడితే ఆ నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది.

కట్టలు కట్టే మిషన్ ఇప్పుడు ఊరూరా తిరుగుతోంది. చోటు తక్కువున్నవాళ్ళకి అదే సుఖం. కట్ట తూకం మిషన్నీ, బిగువునీ బట్టి 15 నుంచి 25 కిలోలు. కానీ గుండ్రటి కట్ట నడుమ గాలాడదు, కాబట్టి పచ్చి మీద కట్టిస్తే పైన బంగారంలా ఉండి మధ్యలో బూజు ముద్దవుతుంది. మొదటి పది కట్టల్లో ఒకటి అక్కడే విప్పించి నడుమ చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగానో చెమ్మగానో ఉంటే ఆ పూటకి మిషన్ ఆపించండి. మేత వేసేటప్పుడు కట్ట తాడు ప్రతిసారీ తీసి ఒక గోనెసంచిలో వేసుకోవాలి. ప్లాస్టిక్ పురికొస గేదె కడుపులోకి పోతే అరగదు, బయటికి రాదు, ఏళ్ళ తరబడి పొట్టలో ఉండ కట్టి ఒకరోజు నెమరు ఆపేస్తుంది.

మేటు వేయడం

మేటుకి చోటు ఎంచేటప్పుడు వాననీరు నిలవని దిబ్బ చూసుకోవాలి. ఇంటికీ, సావిడికీ, కరెంటు తీగలకీ కనీసం 50 అడుగుల దూరం ఉండాలి. డెల్టాలో వానగాలి జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమర, నైరుతి వైపు నుంచి కొడుతుంది. అక్టోబరు, నవంబరు తుపాన్లు తూర్పు, ఈశాన్యం నుంచి. అందుకని మేటు పొడవు తూర్పు పడమరలుగా పెట్టుకుంటే రెండు గాలులకీ ఇరుకు వైపే ఎదురవుతుంది. రెండు టన్నుల గడ్డికి 14 అడుగుల పొడవు, 9 అడుగుల వెడల్పు చాలు. ఎంత బాగా తొక్కితే అంత తక్కువ పడుతుంది.

అడుగు పని మీద పొదుపు చేయొద్దు. దిబ్బని అడుగు ఎత్తు మట్టి వేసి గట్టి చేసి, నడుమ కాస్త ఎత్తుగా, అంచులకి వాలుగా ఉంచి, చుట్టూ జానెడు లోతు బోదె తీయాలి. దాని మీద తాటిదుంగలో, పాత సరుగుడు గడలో అడ్డంగా పేర్చి, వాటి మీద ఎండిన కొబ్బరిమట్టలు రెండు వరసలు పరవాలి. గడ్డికీ నేలకీ మధ్య గాలి ఆడేలా జానెడు సందు ఉండాలి. మట్టలు లేకుండా నేల మీదే వేస్తే అడుగున ఒకటి, ఒకటిన్నర అడుగుల మందం వానాకాలం వెళ్ళేసరికి నల్లటి ముద్దవుతుంది. 9 అడుగుల ఎత్తు మేటులో అది ఆరో వంతు దాకా గడ్డి. రెండేళ్ళ నష్టంతో దుంగల డబ్బులు వచ్చేస్తాయి.

వేసేటప్పుడు పైన ఒకరు సర్దాలి, కింద ఇద్దరు అందించాలి. సర్దేవాళ్ళ చేతిలోనే మేటు భవిష్యత్తు ఉంది, కాబట్టి అనుభవమున్న మనిషినే ఎక్కించాలి. అంచు వెంబడి గడ్డి మోపులు మొదళ్ళు బయటికి, కొసలు లోపలికి ఉండేలా పెడుతూ చుట్టూ తిరగాలి. తర్వాత నడుమ నింపి తొక్కాలి. సూత్రం ఒకటే: ఏ వరసలోనైనా నడుమ అంచుల కంటే జానెడైనా ఎత్తుండాలి. అప్పుడు పక్కన ఉన్న ప్రతి గడ్డిపోచా బయటికి వాలి ఉంటుంది, మీద పడిన చుక్క బయటికే జారుతుంది. నడుమ పల్లమైతే ప్రతి పోచా ఒక కాలవై నీటిని లోపలికి లాక్కెళ్తుంది. బయటి నుంచి చూస్తే రెండు మేట్లూ ఒక్కలాగే కనిపిస్తాయి. తేడా సెప్టెంబరులో విప్పినప్పుడు తెలుస్తుంది.

ఆరడుగుల ఎత్తు వచ్చేదాకా పక్కలు నిటారుగా కాకుండా కొద్దికొద్దిగా బయటికి పెంచుకుంటూ పోవాలి. అదే చూరు. అక్కడి నుంచి నాలుగు వైపులా లోపలికి కుదిస్తూ పైన ఇంటి కొప్పులా వెన్ను తేల్చాలి. వెన్ను పదునుగా ఉండాలి, చదునుగా వదిలితే నీరు కూర్చుంటుంది. మిషన్ గడ్డికి మొదలూ కొసా లేవు కాబట్టి చిన్న చిన్న వరసలుగా వేసి ఎక్కువ తొక్కాలి. పైన ఆఖరి రెండడుగులకి మాత్రం చేత్తో కోసిన గడ్డి దాచి వాడుకోవాలి. గడ్డి ఏమాత్రం అనుమానంగా ఉన్నా వరస వరసకీ కల్లుప్పు చల్లుకోవచ్చు, క్వింటాకి కిలో లోపు. ఉప్పు కొంత బూజుని ఆపుతుంది, పశువూ ఇష్టంగా తింటుంది. పచ్చిగడ్డిని ఎండుగడ్డిగా మార్చే శక్తి మాత్రం దానికి లేదు.

అయ్యాక పక్కలన్నీ దంతెతో పైనుంచి కిందకి దువ్వాలి. వేలాడే పోచలు ఊడిపోయి, మిగిలినవి తాటాకు కప్పులా ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. పది, పన్నెండు రోజుల్లో మేటు అడుగున్నర దాకా కూర్చుంటుంది. అందుకే మొదటి రోజే ఆఖరి కప్పు వేయకూడదు. కూర్చున్నాక వెన్ను మీద మళ్ళీ గడ్డి వేసి, గడ్డితోనే పేనిన వెంట్లు అడ్డంగా రెండు మూడు వేసి, రెండు చివరలా ఇటుకలు కట్టి వేలాడదీయాలి. మేటు ఇంకా దిగితే ఇటుకల బరువుకి వెంటి తనంతట తాను బిగుసుకుంటుంది. నేలలో మేకు కొట్టి కడితే ఆ సుఖం లేదు.

బరకం వేస్తే వెన్ను మీద, చూరు దాకా మాత్రమే వేయండి. నేల దాకా దించి మూటకడితే పగటి ఎండకి లోపలి తేమ ఆవిరై లేచి, రాత్రి బరకం కింద చెమటలా పట్టి గడ్డి మీదే పడుతుంది. పై గడ్డి బూజు పట్టి, తప్పు వానది అనిపిస్తుంది.

మొదటి మూడు వారాలు వేడి చూస్తుండాలి. ఆరడుగుల ఇనప ఊచని మేటు నడుముకి గుచ్చి, గంట ఉంచి లాగి, కొస పట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే భయం లేదు. పట్టుకోలేనంత కాలితే, బెల్లం మాడిన వాసనో పొగాకు వాసనో వస్తే, ఆ భాగం విప్పి ఆరబెట్టాల్సిందే. దగ్గర నీళ్ళు పెట్టుకునే విప్పాలి. లోపల బాగా వేడెక్కిన మేటుకి గాలి తగిలితే మంట లేస్తుంది. బాగా ఎండిన వరిగడ్డిలో ఇది అరుదు. పిల్లిపెసర, జనుము లాంటి ఆకుమేత పచ్చి మీద మేటు పెట్టినప్పుడు ఎక్కువ.

గడ్డి లాగే పద్ధతి కూడా నేర్చుకోవాలి. చుట్టూ నడుము ఎత్తులో పీకుతూ పోతే మేటు గొడుగులా మారి, ఒక తుపాను రాత్రి ఒరిగిపోతుంది. తూర్పు కొస నుంచి మొదలెట్టి, పైనుంచి కిందదాకా గోడ కోసినట్టు నిలువుగా తీసుకుంటూ పడమరకి జరగాలి. తుపాన్ల రోజులు దగ్గర పడేసరికి, అక్టోబరు మొదటి వారంలోనే, తెరిచిన ఆ గోడ మీద బరకం వేలాడదీసి ఇటుకలు కట్టేయాలి. చీకట్లో మేటులోకి చెయ్యి పెట్టొద్దు. ఎలుకలున్న మేటులో తాచు, కట్లపాము ఉంటాయి. వంకీ కర్రతో, పగలే, మరునాటికి సరిపడా లాగి సావిడిలో వేసుకోవాలి.

యూరియాతో మాగవేయడం

వరిగడ్డిలో మాంసకృత్తులు 3, 4 శాతమే. ఇసుకలో ఉండే సిలికా పాళ్ళు ఎక్కువ, పైగా అందులోని ఆక్సలేట్లు సున్నాన్ని, అంటే కాల్షియాన్ని కట్టేస్తాయి. అందుకే గడ్డి మీదే బతికే పాడిగేదెకి రోజుకి 50 గ్రాముల ఖనిజలవణ మిశ్రమం తప్పకుండా ఇవ్వాలి. మాగవేస్తే ఆ మాంసకృత్తుల లెక్క 7, 8 శాతానికి పెరుగుతుంది, గడ్డి మెత్తబడి ఎక్కువ తింటాయి. ఎండాకాలం వేడి ఈ పనికి బాగా కలిసొస్తుంది.

కొలత ఇది: 100 కిలోల గడ్డి, 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్ళు. గడ్డి తూకం అంచనాతో వేయకండి, ఒక మోపు తూచి లెక్క కట్టండి. యూరియా ఎక్కువైతే విషం, తక్కువైతే బూజు. నీళ్ళలో యూరియా ఒక్క పలుకు మిగలకుండా కరిగించాలి. సిమెంటు గచ్చు మీదో మందపాటి బరకం మీదో 20 కిలోల గడ్డి పరిచి, పూలకుండీకి నీళ్ళు పోసే జల్లు డబ్బాతో 10 లీటర్ల ద్రావణం సమానంగా చల్లి, బాగా తొక్కాలి. మళ్ళీ 20 కిలోలు, మళ్ళీ 10 లీటర్లు. అయిదు వరసలు అయ్యాక గాలి చొరకుండా బరకంతో మూసి, అంచుల మీద మట్టి కప్పాలి. మేటుని గాలి ఆడనివ్వాలి, దీన్ని మాత్రం అసలు ఆడనివ్వకూడదు. ఒక్క చిల్లున్నా యూరియా నుంచి పుట్టే అమ్మోనియా పోయి, తడిగడ్డి మిగిలి కుళ్ళిపోతుంది.

21 రోజులకి తెరవండి. గడ్డి ముదురు పసుపు, గోధుమరంగుకి తిరిగి, కళ్ళు మండేంత ఘాటు వాసన వస్తే మాగినట్టు. ఘాటు లేకుండా పుల్లటి కుళ్ళు వాసన వస్తే ఎక్కడో గాలి దూరింది. ఆ భాగం మేతకి వద్దు. ఏ రోజుకారోజు కావలసినంత తీసి, గంట రెండు గంటలు గాలికి పరిచి ఘాటు పోయాకే వేయాలి. మొదటిరోజు మామూలు గడ్డిలో గుప్పెడు కలిపి, వారం పదిరోజుల్లో పెంచుకుంటూ పోవాలి. ఆరు నెలల లోపు దూడలకి పెట్టకూడదు. అన్నిటికంటే ప్రమాదం మిగిలిన ద్రావణం. యూరియా నీళ్ళు బకెట్‌లో వదిలేస్తే దాహంతో ఉన్న గేదె ఒక్క గుక్కలో తాగేస్తుంది, గంటల్లో పొట్ట ఉబ్బి పడిపోతుంది. కలిపినదంతా ఆ పూటే వాడేయండి, బకెట్లు కడిగి బోర్లించండి.

చేలో మేత

దాళ్వా కోత కాగానే నేలలో ఉన్న పదును వారం కంటే నిలవదు, నల్లరేగడి పగుళ్ళిస్తుంది. ఆ పదునులోనే ఎకరానికి 6 నుంచి 8 కిలోల పిల్లిపెసర చల్లుకుంటే, లోతుగా పోయే వేరుతో ఎండని తట్టుకుని పెరుగుతుంది. పచ్చిమేతకైనా, ఎండుమేతకైనా పూతకొచ్చినప్పుడే కోయాలి. ఈ మేతలో బలం ఆకులోనే ఉంది, ఎండలో నిమిరితే ఆకంతా రాలిపోతుంది. అందుకని కోసిన పూట ఎండలో వాడనిచ్చి, తర్వాత చెట్టునీడనో పాకలోనో పలచగా పరవాలి. తిరగేసేది తెల్లారగట్ల, మంచుకి ఆకు మెత్తగా ఉన్నప్పుడు. కాడ విరిగితే ఆరినట్టు. వరిగడ్డి మధ్య మధ్యలో దీన్ని వరసలుగా వేస్తే గడ్డికి కూడా ఆ వాసన పట్టి గేదెలు వదలకుండా తింటాయి. జనుము కూడా ఇలాగే ఆరబెట్టొచ్చు, మొదటి పూతలో కోసి, గడ్డితో కలిపి కొద్దిగా మాత్రమే. కాయ కట్టాక పనికిరాదు.

బోరు ఉన్నవాళ్ళు వేసవిలో జొన్న మేతకి వేస్తారు. నీరు చాలక వడలిన లేతజొన్న, కోశాక వచ్చిన పిలక తింటే పశువుకి నాము తగులుతుంది. రొప్పుతూ నిమిషాల్లో పడిపోతుంది, వైద్యుడు వచ్చేదాకా కూడా ఆగదు. పూత దశ దాటాక కోయండి. చేను ఎండు మీద ఉంటే ఒక తడి ఇచ్చి, తేరుకున్నాకే కోయండి. ఎండబెడితే విషం తగ్గుతుంది, అయినా వడలిన లేతచేనులోకి పశువుని వదలొద్దు.

పెరటి మడి

కిందటేడు మేటు అడుగున మిగిలిన నల్లగడ్డికి పెరట్లో విలువ ఉంది. కొత్త గడ్డిని మట్టిలో కలిపితే అది కుళ్ళడానికి నత్రజని లాక్కుంటుంది, మొక్కలు పాలిపోతాయి. పైన పరిస్తే ఆ ఇబ్బంది లేదు. సగం కుళ్ళిన పాతగడ్డి అయితే రెండు విధాలా మంచిదే.

డెల్టా పెరటికి కంద కన్నా నమ్మకమైన పంట లేదు. కొవ్వూరు పరిశోధన స్థానం ఇచ్చిన గజేంద్ర రకం దురద లేకుండా ఉంటుంది. మే చివర్లోనో జూన్‌లోనో నాటుకోవాలి. 400, 500 గ్రాముల ముక్క, ప్రతి ముక్కకీ నడిమొలక కొంతైనా వచ్చేలా పైనుంచి కిందకి కోయాలి. అడ్డంగా కోస్తే కింది ముక్క మొలవదు. కోసిన వైపు పేడనీళ్ళలో ముంచి, నీడలో ఒక రోజు ఆరనివ్వాలి. రెండడుగులకొక గుంట చొప్పున సెంటుకి 110 దాకా పడతాయి, అంటే 44 నుంచి 55 కిలోల విత్తనం. గుంటలో బాగా మాగిన పశువుల ఎరువు రెండు కిలోలు వేసి, మొలక పైకి ఉండేలా పెట్టి, మట్టి కప్పి, దాని మీద నాలుగంగుళాల మందం గడ్డి పరవాలి. రోహిణి ఎండకి రోళ్ళు పగులుతాయంటారు. గడ్డి కింద మట్టి మాత్రం చల్లగా ఉంటుంది. వారానికి ఒక తడి సరిపోతుంది, కలుపు లేవదు. నెల నుంచి నెలన్నరలో మొలక గడ్డిని చీల్చుకుని వస్తుంది. వానాకాలంలో మడిలో నీరు ఒక రోజు నిలిచినా మొదలు కుళ్ళుతుంది. అందుకని నాటేటప్పుడే బోదె తీసి ఉంచాలి.

బెండకి వేసవిలో దగ్గర దగ్గరగా, అడుగున్నర వరసల్లో ముప్పావు అడుగు దూరాన గింజ పెట్టాలి. సెంటుకి 70, 80 గ్రాములు, రాత్రంతా నానబెట్టి. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు ఈ ఎండల్లోనే జోరుగా ఉంటుంది. ఈనెలు పసుపు తిరిగిన మొక్క కనిపించిన రోజే పీకి పాతిపెట్టాలి, పిందెలున్నాయని ఉంచితే మడంతా పాకుతుంది. ఆనప, దోస, గోంగూర, తోటకూర ఎండకి తట్టుకుంటాయి. టమాటా నాటినా పూత రాలిపోతుంది, ఈ నెలన్నరలో దాని జోలికి పోకపోవడం మేలు.

సముద్రం వైపు ఊళ్ళలో కాలవ కట్టేశాక బోరునీరు ఉప్పెక్కుతుంది. ఆకు అంచులు కాలినట్టు ఎండుతుంటే ఎరువు లోపం అనుకుని యూరియా వేయకండి, నీరు చూడండి. అలాంటి నీటిని ఆకుల మీద చల్లకుండా సాయంత్రం పూట మొక్క మొదట్లోనే పోయాలి. కాండానికి తగలకుండా రెండంగుళాలు వదిలి చుట్టూ గడ్డి పరవాలి. నీరు ఇగిరేకొద్దీ ఉప్పు పైకి లేచి మట్టి మీద తెల్లగా పేరుకుంటుంది. గడ్డి ఉంటే ఇగరడం తగ్గుతుంది, ఆ తెల్లపొర కూడా తగ్గుతుంది. కాలవకి నీళ్ళు వదిలిన వారంలో ఒకటి రెండు తడులు ధారాళంగా పారిస్తే మిగిలింది కిందకి దిగిపోతుంది. ఆ రోజే మేటు చుట్టూ బోదె కూడా ఒకసారి పారతో సరిచేసుకోండి. ఎండాకాలమంతా కోళ్ళు గీకి పూడ్చేసి ఉంటాయి.